చూపించే చెయ్యి

సినిమా ఆపరేటర్ని జనం ఎప్పుడు తలుచుకుంటారు? బొమ్మ ఆగిపోయినప్పుడు. రీలు తెగినా, తెర మసకబారినా, మాట ఒకచోటా పెదవులు ఒకచోటా పడినా హాలంతా వెనక్కి తిరిగి "ఒరేయ్ ఆపరేటరూ!" అని కేకలేస్తుంది. అంతా సవ్యంగా నడిచినంతసేపూ ఆ మనిషి లేనట్టే. ఇంటిపని గురించి మనం ఎన్నోసార్లు రాసుకున్నదే ఇది కూడా. ఉప్పు సరిపోయిన రోజున వంట చేసిన మనిషి ఎవరికీ గుర్తుకు రాదు.

1987 వేసవిలో ఒక నెలా పదిరోజులపాటు ఆ కేకలు నా మీద పడ్డాయి. అయితే అరిచేవాళ్ళకి ఆపరేటర్ రూములో ఉన్నది ఒరేయ్ కాదనీ, ఒక ఆడపిల్ల అనీ తెలీదు.

మా నాన్న కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరి హాల్లో ఆపరేటరు. బస్సులో వచ్చిన ఫిల్ము బాక్సుని సైకిలు మీద తెస్తూ పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. సెలవు పెడితే జీతం లేదు. అసిస్టెంటు కుర్రాడు అప్పటికే పని మానేసి వెళ్ళిపోయాడు. నేను డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. "నేను పక్కన స్టూలేసుకుని కూర్చుంటాను, నువ్వు తిప్పు" అన్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. యజమాని మూడు రోజులు నసిగి, వేరే దారి లేక ఊరుకున్నాడు. లైసెన్సు నాన్నది, చెయ్యి నాది. అలా మొదలైంది నా మొదటి ఉద్యోగం, జీతం నాన్న పేరుమీదే వచ్చినా సరే.

ఆ గది గురించి కాస్త చెప్పాలి. రెండు మిషన్లు. మొదటి దాంట్లో రీలు అయిపోతుంటే తెర కుడివైపు పైమూలన చిన్న చుక్క కనిపిస్తుంది. అది చూసి రెండో మిషను మోటారు వెయ్యాలి. మరో ఏడు సెకన్లకి రెండో చుక్క. అప్పుడు ఆ దీపం మూసి ఈ దీపం తెరవాలి. హాల్లో ఎవరికీ తెలియకూడదు. దీపమంటే బల్బు కాదు, రెండు కార్బన్ పుల్లల మధ్య మండే మంట. పుల్లలు కాలుతూ దూరమవుతుంటే మర తిప్పి దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే తెర మీద మనుషులు పచ్చకామెర్లు వచ్చినట్టు కనబడతారు. నిమిషానికి తొంభై అడుగుల ఫిల్ము పరిగెడుతుంది. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాల్లో ఖాళీ. అది నడుస్తుండగానే అంతకుముందు రీలుని వెనక్కి చుట్టుకోవాలి. వేసవి మధ్యాహ్నం మ్యాట్నీకి ఆ గది పొయ్యిలా ఉండేది.

నాన్న నాకు మొదట నేర్పింది సినిమా చూడకుండా ఉండటం. "కథ చూశావా, చుక్క పోతుంది" అనేవాడు. వెలుతురు చూడాలి, అంచులు చూడాలి, చెవి మిషను చప్పుడు మీద ఉండాలి. చాలా ఏళ్ళ తర్వాత, పాఠం చెప్పడం కోసం లారా మల్వీ 1975 నాటి వ్యాసం చదువుతున్నప్పుడు ఇది గుర్తొచ్చింది. సినిమాలో మూడు చూపులున్నాయంటుందామె. కెమెరా చూపు, ప్రేక్షకుడి చూపు, పాత్రలు ఒకరినొకరు చూసుకునే చూపు. స్త్రీని ఆ చూపులు వస్తువుగా ఎలా మారుస్తాయో ఆమె చెప్పింది మనందరికీ తెలిసిందే. కానీ నాకు నాలుగోది కనబడింది. చూపించే మనిషి చూపు. కథని చూడని చూపు. చూడకపోవడమే నైపుణ్యమైన చూపు. నా ప్రశ్న దాని గురించే. చూడకుండా చూపించేవాళ్ళకి, చూపించినదానితో సంబంధం ఉంటుందా?

రెండో వారంలో ఒక సినిమా వచ్చింది. పేరు అనవసరం, ఆ రోజుల్లో అలాంటి సన్నివేశం లేని సినిమాలే తక్కువ. హీరో చెల్లెలి మీద అత్యాచారం. అన్నకి పగ పుట్టించడానికి తప్ప ఆ పిల్ల కథలో ఎందుకూ లేదు. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో బయటపెట్టడం నేరమని 1983లో చట్టం వచ్చింది. నిజంగా బాధపడిన మనిషి పేరు కూడా చెప్పకూడదన్న దేశంలోనే, కల్పించిన మనిషిని నాలుగాటలూ నిమిషాల తరబడి చూపిస్తున్నాం. మొదటి ఆటలో నేను దాన్ని చూడలేదు, విన్నాను. తెర మీది కేక కాదు, హాల్లోంచి ఈలలు. చిల్లులోంచి తల పెట్టి చూస్తే నేలలో మగవాళ్ళు లేచి నిలబడి ఉన్నారు. పొట్టి గోడకి ఇవతల ఆడవాళ్ళ వైపు ఒక్క తలా కదలటం లేదు.

ఫస్టుషోకి ఆ రీలు వచ్చేసరికి నాన్న కింద టీ తాగుతున్నాడు. దీపానికి అడ్డంగా దించే రేకు ఒకటుంటుంది. దించేశాను. తెర చీకటి.

నేను గొప్పపని చేశాననుకున్నాను. అయితే ఒక సంగతి మర్చిపోయాను. బొమ్మది ఒక దారి, శబ్దానిది వేరే దారి. శబ్దాన్ని చదివే చిన్న దీపం వేరే ఉంటుంది, దానికి నా రేకు అడ్డం కాదు. ఫిల్ము నడుస్తూనే ఉంది. చీకట్లో ఆ పిల్ల కేకలు మాత్రం హాలంతా నిండాయి. ఈలలు ఆగకపోగా పెరిగాయి. నేను బిగుసుకుపోయాను. నాన్న మెట్లెక్కి వచ్చి ఎడంచేత్తో రేకు పైకెత్తాడు.

ఆట వదిలాక ఒకావిడ మెట్ల కింద నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "నువ్వా అమ్మా తిప్పేది?" అంది. తర్వాత మెల్లిగా, "బొమ్మ ఉంటే అది సినిమా అనుకుని కూచుంటాం. బొమ్మ తీసేసి కేకలొక్కటే వినిపిస్తే ఎవరిల్లు వాళ్ళకి కనపడుద్ది. ఇంకెప్పుడూ అలా చెయ్యమాక" అని చెంగు కప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాన్న నన్ను తిట్టలేదు. "మన పని చూపించడం. తీసినవాడున్నాడు, సర్టిఫికెట్టిచ్చిన సెన్సారువాళ్ళున్నారు, టిక్కెట్టు కొన్నవాళ్ళున్నారు. మధ్యలో నువ్వెవరు?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే, నాకు నచ్చనిదాన్ని నేను మూసేస్తే, రేపు ఇంకొకడు తనకి నచ్చనిదాన్ని మూస్తాడు. స్త్రీ తిరగబడే సన్నివేశం వచ్చినప్పుడు రేకు దించే ఆపరేటర్లు మాత్రం ఉండరా?

కానీ మర్నాడు రీవైండు బల్ల కింద ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. నిండా ఫిల్ము ముక్కలు. ఒకటి తీసి లైటుకెదురుగా పట్టుకున్నాను. ఇంకొకటి తియ్యలేదు. ఉదయం ఆటల్లో బిట్లు కలుపుతారని విన్నాను గానీ, కలిపే చేతులు మా నాన్నవని నాకెప్పుడూ తోచలేదు. ఆ చేతులే నాకు జడలు వేశాయి.

అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "యజమాని కలపమన్నాడు. ఆట అయ్యాక తీసేస్తాను" అన్నాడు చివరికి. "మరి మన పని చూపించడమే అన్నావుగా. సెన్సారు చూడనిదాన్ని అతికించడం ఏ పని?" అన్నాను. "జీతం పని" అన్నాడు. నా వైపు చూడలేదు.

ముప్ఫై ఏడేళ్ళకు పైగా ఆ రెండు జవాబుల మధ్య తిరుగుతున్నాను. నాన్నని దోషిగా నిలబెట్టి ఈ వ్యాసం ముగించడం తేలిక. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను, ఇప్పుడు మల్వీ పేరు ఎత్తగలుగుతున్నాను. ఆ ముక్కల్లోని స్త్రీల శరీరాలు నా కాలేజీ ఫీజులో కలిసి ఉన్నాయని ఒప్పుకోకుండా స్త్రీల మీద హింస గురించి మాట్లాడటం నాకు సాధ్యం కాదు. పితృస్వామ్యం ఎక్కడో పైనుంచి దిగిరాదు. అది నెల జీతంగా, విరిగిన చేతికి కట్టుగా, ఆడపిల్ల చదువుగా కూడా మన ఇంట్లోకి వస్తుంది.

ఇంకొకటి కూడా ఆలస్యంగా అర్థమైంది. నాన్న ముక్క కలిపాడు, నేను రేకు దించాను. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనుకున్నాను. కానీ హాల్లో కూర్చున్న ఆడవాళ్ళకి ఏం కావాలో ఇద్దరిలో ఎవరమూ అడగలేదు. ఆయన మగవాళ్ళ కోరిక తనకి తెలుసనుకున్నాడు. నేను ఆడవాళ్ళ బాధ నాకు తెలుసనుకున్నాను. ఒకరి తరఫున చూపు మూసేయడం కూడా అధికారమే. దానికి మంచి ఉద్దేశం తోడైతే ఇంకా గుర్తుపట్టలేం.

మిగిలిన నాలుగు రోజులూ నేను చేసింది చాలా చిన్నపని. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపే పెద్దమ్మకి చెప్పాను, ఇంటర్వెల్ తర్వాత ఫలానా పాట అవగానే ఇలాంటిది వస్తుందని. ఆవిడ లోపలికెళ్ళేవాళ్ళందరికీ చెప్పేది. "ఇష్టమైతే ఉండండి, లేకపోతే పిల్లల్ని తీసుకుని కాసేపు బయటికి రండి, మళ్ళీ పిలుస్తాను." మొదటి రోజు ఆరుగురొచ్చారు, మూడో రోజుకి వరండా నిండింది. కొందరు రాలేదు, అది వాళ్ళ ఇష్టం. ఆ కాసేపూ ఆడవాళ్ళు అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, నేను కార్బన్లు జరుపుతున్నాను. పెద్దమ్మ మాత్రం ఒకసారి అంది, "సినిమా కంటే ఇక్కడే బాగుందే పాపా" అని. లోపల ఈలలు కూడా కాస్త తగ్గినట్టు నాకనిపించింది. ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోవడం కనబడితే ఈల వెయ్యడం అంత సులువు కాదేమో. నేను ఊహించుకుని ఉండొచ్చు కూడా.

అది నైతిక విజయమని నేననను. సినిమా మారలేదు, బిస్కెట్ల డబ్బా ఖాళీ కాలేదు. నేను ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోయాను. నాన్న రిటైరయ్యేదాకా ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

2010 దశకం మధ్యకల్లా మన ఊళ్ళలో ఫిల్ము మిషన్లు దాదాపు మూలపడ్డాయి. ఈమధ్య నా పాత విద్యార్థిని ఒక మల్టీప్లెక్సులో ప్రొజెక్షన్ పనిలో చేరింది. చేరిన వారానికి ఫోన్ చేసింది. ఇప్పుడు చుక్కలు లేవు, పుల్లలు లేవు. సినిమా హార్డ్ డిస్కులోనో ఉపగ్రహం ద్వారానో వస్తుంది. ఫలానా మిషనుకి, ఫలానా తేదీల మధ్య మాత్రమే పనిచేసే డిజిటల్ తాళం ఉంటుంది. వేళకి దానంతటదే మొదలవుతుంది. "నేను చెయ్యడానికి ఏమీ లేదు మేడమ్, చూస్తూ ఉండటమే" అంది. మా నాన్న నాకు చూడొద్దని నేర్పాడు, ఈ పిల్లకి చూడటం తప్ప వేరే పని లేదు.

చూపించే చెయ్యి మాత్రం ఎక్కడికీ పోలేదు. అది మనందరి జేబుల్లోకి వచ్చింది. ఎవరో ఆడపిల్ల వీడియో ఒకటి ఫోన్లోకొస్తుంది, "చూడండి, ఎంత ఘోరమో" అని కోపంతోనే ఇంకొకరికి పంపిస్తాం. తీసింది మనం కాదు, పెట్టింది మనం కాదు, మధ్యలో మనమెవరం అనుకుంటాం. మా నాన్న మాటే అది. దానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఒకటుంది, చాలా మామూలుది. మధ్యలో ఉన్నవాళ్ళం మనం. చూపించేముందు చూసేవాళ్ళకి చెప్పగలం. తెరమీది మనిషి అయితే, ఆమెని అడగగలమా అని ఆలోచించుకోగలం. అడగలేమని తేలితే చెయ్యి వెనక్కి తీసుకోగలం.

మెట్ల కింద నిలబడిన ఆవిడ పేరు నేను అడగలేదు. రేకు దించే ముందు ఆవిడని అడిగి ఉండాల్సింది. తర్వాతైనా ఆవిడ వచ్చి చెప్పింది. అలా వచ్చి చెప్పనివాళ్ళు ఆ చీకట్లో ఇంకెంతమంది కూర్చుని ఉన్నారో.