మైనరు ఖాతా

బ్యాంకులో మైనరు ఖాతా అని ఒకటుంటుంది. ఖాతా బిడ్డ పేరు మీద, సంతకం గార్డియనుది. డబ్బు తీసేటప్పుడల్లా అది బిడ్డ మేలుకే అన్న నమ్మకం మీద మేము ఇచ్చేస్తాం. నిజంగా బిడ్డకే వాడారా, ఇంట్లోకి ఫ్రిజ్ కొన్నారా అని వెంటబడి చూడం. అది గార్డియన్ మనస్సాక్షికి వదిలేసిన సంగతి. ముప్పై ఏళ్ళుగా ఈ ఖాతాలు చూస్తున్న నాబోటివాడికి, పసిబిడ్డను వెంటబెట్టుకుని అమ్యూజ్‌మెంట్ పార్కుకు బయలుదేరే కుటుంబాలను చూస్తే ఇదే జ్ఞాపకం వస్తుంది. రోజు పిల్ల పేరు మీద, సంతకం మనది.

బెంగుళూరు నుంచి మైసూరు వెళ్ళే దారిలో, బిడది దగ్గర, 2005లో వండర్‌లా తెరిచారు. అంతకుముందు సెలవులకు చుట్టాలొస్తే లాల్‌బాగ్ చూపించి, మసాలా దోసె తినిపించి పంపేవాళ్ళం. ఇప్పుడు బిడది చూపకపోతే మర్యాద దక్కదు. 2024లో భువనేశ్వర్‌లోనూ అదే సంస్థ పార్కు తెరిచింది గనుక ఒడిశాలోని మనవాళ్ళకూ ఈ సంగతి కొత్త కాదు.

అక్కడ బిడ్డ వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. 85 సెంటీమీటర్ల లోపు టికెట్టు లేదు, 140 దాకా పిల్లల టికెట్టు. రైల్లో పెద్దలు నాలుగున్నరేళ్ళని టి.సి.కి చెబుతుంటే, పక్కనుంచి ఆ పిల్లవాడే "కాదమ్మా, నాకు మొన్ననే ఆరు నిండాయి" అనే ముచ్చట మనందరం ఎరిగిందే. కొలబద్ద వచ్చాక ఆ అబద్ధానికి చోటు లేదు, మంచిదే. కాని అది ఇంకో అబద్ధాన్ని బయటపెడుతుంది. నాలుగేళ్ళ బిడ్డ సుమారు 100 సెంటీమీటర్లు ఉంటుంది. పెద్ద రైడ్లలో చాలావాటికి 140 కావాలి. నెల రోజులపాటు ఫోనులో ఆ రైడ్లే చూపిస్తూ, "నిన్ను ఇది ఎక్కిస్తా" అంటూ అన్నం తినిపించి తీసుకుపోతాం. అక్కడ యూనిఫారం వేసుకున్న కుర్రాడు కొలిచి, కుదరదంటాడు. బిడ్డ దృష్టిలో ఆ కుర్రాడు చెడ్డవాడవుతాడు. మాట ఇచ్చింది మనం గదా! గుమ్మం పక్క గోడ మీద పెన్సిలుతో గీత గీసి, నీ ఎత్తుకు ఇవి మాత్రమే అని ముందే చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ప్లాను అంటే నా దృష్టిలో మొట్టమొదట ఇది.

ఇక టికెట్టు సంగతి. తిరునాళ్ళలో గాని, బసవనగుడి కడలెకాయి పరిషెలో గాని రంగులరాట్నానికి ఎక్కినప్పుడే డబ్బు. బిడ్డకు నిద్రొస్తే భుజాన వేసుకుని ఇంటిదారి పట్టడమే. అమెరికాలో 1955లో మొదలైన డిస్నీలాండులో కూడా 1982 దాకా రైడుకో కూపను ఉండేది. ఇప్పుడు అక్కడా ఇక్కడా గేటు దగ్గరే మొత్తం వసూలు. చూడటానికి చిన్న మార్పే గాని, పెద్దవాళ్ళ బుద్ధిని ఇది చాలా మార్చింది. ముందే అంత సొమ్ము కట్టిన మనిషికి ఎక్కని ప్రతి రైడూ నష్టంలాగే కనిపిస్తుంది. బి.కాం.లో మాకు చెప్పిన పాఠం వేరు: తిరిగిరాని ఖర్చును చూసుకుని తర్వాతి నిర్ణయం చేయకూడదని. మధ్యాహ్నం రెండింటికి కళ్ళు వాలిపోతున్న బిడ్డను లాక్కుంటూ తిప్పినా, చెట్టు నీడన పడుకోబెట్టినా, గేటు దగ్గర ఇచ్చిన రూపాయి వెనక్కి రాదు.

మొన్న వేసవిలో ఒక పార్కుకు మేమూ వెళ్ళాం. మా కోడలు ఏ వేళకు ఏ రైడో కాగితం మీద రాసుకొచ్చింది. మనవరాలు రంగులరాట్నం దిగి, మళ్ళీ అదే గుర్రం కావాలంది. మూడోసారి, నాలుగోసారి కూడా.

"ఇన్ని పెట్టుకుని దీన్నే పట్టుకుంటావేమే?" అన్నాడు మావాడు.

"ఈ గుర్రానికి నేను తెలుసు నాన్నా."

"మామయ్యగారూ, మీరైనా చెప్పండి" అంది కోడలు. చెప్పడానికి నాకేమీ తోచలేదు. పసివాళ్ళు తెలిసినదాని దగ్గరికే మళ్ళీ మళ్ళీ పోతారు. కథయినా అంతే, రోజూ అదే చెప్పాలి. మనం మాత్రం ఎన్ని అయ్యాయో లెక్కపెట్టుకుంటాం.

సాయంత్రం నాలుగయ్యేసరికి ఏ పార్కులోనైనా ఒక మాట వినిపిస్తుంది: "ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే ఏడుస్తావా?" అది అప్పిచ్చినవాడి గొంతు. మేము అప్పిస్తే పత్రం రాయించుకుంటాం, వడ్డీ ఎంతో ముందే చెబుతాం. నవ్వుతూ తీరుస్తానని ఈ బిడ్డ ఏ పత్రం మీద వేలిముద్ర వేసింది?

అయితే ఇదంతా తేలిగ్గా అనేయడానికి వీల్లేదు. మా బ్రాంచిలో పనిచేసిన ఒక అటెండరు ఏడాదిపాటు నెలనెలా ఆర్.డి. కట్టి, ఆ డబ్బుతో భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకెళ్ళాడు. నేను ఈ ధోరణిలో ఏదో అంటే, "మీరు ఇంకోసారి పోతారు సార్. మేము మళ్ళీ ఎప్పుడు?" అన్నాడు. దానికి నా దగ్గరున్నది సగం జవాబే. మళ్ళీ రాగలిగినవాడికి ఓపిక చవక. అతను బిడ్డలను తిప్పడంలో పిసినారితనం లేదు. పైగా, చిన్నప్పుడు ఎవరూ ఎక్కించనివి ఇప్పుడు ఎక్కాలన్న ఆశ అతనికీ ఉంది, ఉండనీ. వాల్ట్ డిస్నీ తన పార్కు ఊహ ఎక్కడ పుట్టిందో తానే చెప్పుకున్నాడు: కూతుళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే తాను బెంచీ మీద ఊరికే కూర్చుని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటుండాలి అనుకున్నాడట. అంటే పెద్దవాళ్ళ కోరిక ఈ వ్యాపారం పునాదిలోనే ఉంది. దాన్ని దాచి, "అంతా పిల్ల కోసమే" అన్నప్పుడే నాకు మైనరు ఖాతా గుర్తొస్తుంది. నిద్రపోయే బిడ్డ దగ్గర తల్లి కూర్చుంటే తండ్రి వెళ్ళి ఎక్కి రావచ్చు, తర్వాత తల్లి వంతు. ఇది నా సరదా అని ఒప్పుకుని ఎక్కితే, దిగాక బిడ్డ మీద విసుక్కునే పని ఉండదు.

గార్డియన్ నడిపే ఖాతా పూర్తిగా బిడ్డ చేతికి రావడానికి బ్యాంకు లెక్కలో పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఈ విషయంలో అంత గడువు దొరకదు. మా అన్నయ్య మనవడికి పన్నెండేళ్ళు. ఈసారి స్నేహితులతోనే పోతానన్నాడు. ఇంట్లోవాళ్ళు టికెట్టు డబ్బిచ్చి, గేటు దాకా దిగబెట్టి వచ్చారు.