తుపాను దెబ్బతిన్నవారిని గూర్చి మనము అడుగు ప్రశ్న



కరీబియను సముద్రపు పడమటి ఒడ్డున, నికరాగువా దేశములో, మిస్కీటోలను జనులు కాపురముందురు. చేపలు, రాతిరొయ్యలు పట్టుట, కర్రపెండలము పండించుట వారి జీవనము. కొయ్య గోడలు, రేకుల కప్పులుగల ఇండ్లు వారివి. 1849లో మొరేవియను మిషనరీలు ఆ తీరమునకు వచ్చిరి. నేటికిని వారిలో అనేకులు ఆ సంఘమునకు చెందినవారే. అనగా వారు మనకు విశ్వాసమందు సహోదరులు.

మనము తుపాను అనుదానిని అచ్చట హరికేను అందురు. 2020 నవంబరు 3న ‘ఈటా’ అను హరికేను, గంటకు 225 కిలోమీటర్ల గాలితో ఆ తీరమును కొట్టెను. ఎగిరిపోయిన రేకులు ఏరుకొనుచుండగానే, నవంబరు 16 రాత్రి, ఇంచుమించు అదే చోట, ‘అయోటా’ మరింత బలముగా వచ్చి పడెను. ఆ యేట తుపానుల పేళ్లపట్టిక అయిపోయి గ్రీకు అక్షరములు పెట్టవలసి వచ్చెను. అయోటా ఆ అక్షరములలో మిక్కిలి చిన్నది! హాలోవర్ అను జాలరి గ్రామము దాదాపు తుడుచుకొనిపోయెను.

ఇట్టి వార్త వినినప్పుడు మన కూటములలో ఎవరో ఒకరు, “వారేమి పాపము చేసిరో?” అందురు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన నెరిగిన మన తీరసంఘములకు ఈ మాట ఎంత కఠినమో మేము చెప్పనక్కరలేదు. సిలోయములోని గోపురము పడి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు జనులు తలంచినదియు ఇదియే. వారు తక్కినవారికంటె పాపులు కారని ప్రభువు తేటగా చెప్పి, ప్రశ్నను అడిగినవారివైపునకే త్రిప్పెను. లూకా సువార్త 13వ అధ్యాయము చదువుడి. వెచ్చని సముద్రపు నీటి ఆవిరి ఆ గాలికి ఆహారము. అది ఎవరి నడతను విచారించి రాదు.

చదువుకొన్నవారు వేరొక మాట అందురు: “అపాయమని తెలిసియు అచ్చటనే ఎందుకుండవలెను? ఇసుకమీద ఇల్లు కట్టినవాడు బుద్ధిహీనుడని వాక్యములోనే యున్నదిగదా!” ఈ మాట మాకు మరి ఎక్కువ బాధ కలిగించుచున్నది. వలవేసి బ్రదుకువాడు కొండమీద ఎట్లు కాపురముండును? అదియుగాక, ప్రభువు ఆ ఉపమానమును జాలరివానిని నిందించుటకు చెప్పలేదు. తన మాటలు విని వాటిచొప్పున చేయనివానిని గూర్చి చెప్పెను. ఆదివారమున విని సోమవారమున మరచువాడు ఎంత ఎత్తున నివసించినను ఇసుకమీదనే యున్నాడు.

ఇచ్చట ఒక సంగతి ఆలోచించుడి. 2007 సెప్టెంబరు 4న ‘ఫెలిక్స్’ అను హరికేను ఈ తీరమునకే వచ్చెను. అది వేగముగా బలపడెను. సముద్రములోని చిన్న దీవులయొద్ద వేటకు పోయినవారు అనేకులు చిక్కుకొనిరి. నూరుమందికి పైగా మరణించిరి. 2020లోనైతే జనులను ముందుగా పడవలమీద బిల్వి పట్టణమునకు, ఇతర స్థలములకు తరలించిరి. బడులలోను గుడులలోను చోటిచ్చిరి. లోపలి కొండసీమలో చరియలు విరిగి పలువురు చనిపోయినమాట నిజమే. అయినను తీరమున ప్రాణనష్టము మునుపటికంటె మిక్కిలి తగ్గెను. రెండవసారి గాలి మెత్తబడలేదు, జనులు మరింత పుణ్యాత్ములు కాలేదు. వేళకు ఎవరో కబురు చెప్పిరి, ఎవరో పడవ తెచ్చిరి, ఎవరో తలుపు తీసిరి. ఇల్లు పోయినవానికి ఇల్లు కట్టిపెట్టుట మాత్రము అంత త్వరగా జరుగునది కాదు. గాలి ఆగిన పిమ్మట వార్తాపత్రికలు కూడ ఆగిపోవును.

పౌలు ఎక్కిన ఓడ పగిలినప్పుడు అందులో 276 మంది యుండిరి. వారిలో ఖైదీలు, సైనికులు, నావికులు కలరు. మెలితే ద్వీపవాసులు వానలో చలిలో వణకుచున్న వారందరికి మొదట నిప్పు రాజబెట్టిరి. పౌలు చేతికి సర్పము పట్టిన పిమ్మటనే, ఇతడు నరహంతకుడని తీర్పు తీర్చిరి. ఆ తీర్పు తప్పాయెను, నిప్పు మాత్రము అందరిని వెచ్చజేసెను.

బిల్విలోవలె మన మందిరములును గట్టి గోడలుగలవి. తీరగ్రామముల సంఘపెద్దలు ఈ నెల కూటములో, రాత్రివేళ మందిరపు తాళపుచెవి ఎవరియొద్ద నుండునో, మన సంఘము కానివారు వచ్చి తట్టినను తీయవలెనని వానికి తెలియునో లేదో మాటలాడుకొనవలెనని కోరుచున్నాము.