వాకిట్లో ఉప్పు

మన వాకిలి ఎక్కడిదాకా మనది? ఇదేం ప్రశ్నండీ, గేటుదాకా, అంటారు మీరు. విజయవాడలో ఉన్నన్నాళ్లూ నాకీ ప్రశ్నతో పనే పడలేదు. మా అమ్మాయి కాపురం అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో. అక్కడ రెండు చలికాలాలు గడిపాక మాత్రం ఇది నన్ను పట్టుకుని వదలడం లేదు.

అక్కడ జనవరిలో సున్నాకి 20 డిగ్రీలు కిందికి దిగడం వింతేమీ కాదు. మంచు పడ్డప్పుడు దూదిలా బాగానే ఉంటుంది. గొడవంతా తరవాతే. కారుషెడ్డు నించి రోడ్డుదాకా ఉండే సిమెంటు బాటని డ్రైవ్‌వే అంటారు. దానిమీద పడ్డ మంచుని కారు చక్రాలు తొక్కి తొక్కి అణిచేస్తాయి. మధ్యాహ్నం ఎండకి ఇంటికప్పు మీది మంచు కాస్త కరిగి, గొట్టంలోంచి బాట మీదికి కారుతుంది. రాత్రికి అదే గాజుపలకలా గట్టిపడుతుంది. పొద్దున్న చూస్తే తడిసిన సిమెంటేనేమో అనిపిస్తుంది. కాలు పెడితేగాని ఐసని తెలియదు! నా వయసు వాళ్లకి తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అంచేత ఉప్పు చల్లుతారు. మన కల్లుప్పు లాంటిదే, సంచుల్లో అమ్ముతారు. ఉప్పునీరు మంచినీరంత తొందరగా గడ్డకట్టదు, అదీ కిటుకు. చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ మర చూసినవాళ్లకి ఉప్పుకీ ఐసుకీ ఉన్న చుట్టరికం కొత్తేమీ కాదు.

అయితే ఈ ఉప్పు ఎక్కడికి పోతుంది? మంచంటే ఏప్రిల్‌కల్లా తనంతట తనే పోతుంది. ఉప్పు పోదు. కరిగిన నీటితో వీధి కాలువలోకి, అక్కణ్నించి ఏ వడపోతా లేకుండా చెరువుల్లోకీ నదిలోకీ చేరుతుంది. కారు నంబరు పలకల మీద కూడా పదివేల సరస్సులని గొప్పగా రాసుకునే రాష్ట్రం అది! 5 గ్యాలన్ల నీళ్లని, అంటే సుమారు 19 లీటర్లని, శాశ్వతంగా పాడుచెయ్యడానికి ఒక్క టీ చెంచాడు ఉప్పు చాలునని అక్కడి కాలుష్య నివారణ సంస్థవారు చెబుతున్నారు. నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉంటుంది కదా, మరి ఏడాదికేడాది పెరుగుతూ పోతుంది.

బియ్యప్పిండి ముగ్గు చీమలకి తిండి అని మా అమ్మ చెప్పేది. (అందులో సగం రాతిముగ్గే కలిపేదనుకోండి, అది వేరే సంగతి.) వాకిట్లో చల్లేది ఏ ప్రాణి నోట్లోకి పోతుందో చూసుకుని చల్లాలని పెరిగినదాన్ని, చేపల కడుపు మాడ్చే ముగ్గు చూసి ఊరుకోలేకపోయాను.

"పోస్టు తెచ్చే ఆయన పడి కాలు విరగ్గొట్టుకుంటే? చేప ముఖ్యమా, మనిషి ముఖ్యమా చెప్పవే అమ్మా!" అంది మా అమ్మాయి.

మనిషే. అందులో నాకు సందేహం లేదు. అయితే చాలా ఇళ్లముందు తగువు మనిషికీ చేపకీ కాదు, చేపకీ మన నడుముకీ. మంచు పడుతుండగానే, కారు తియ్యకముందే పారతో ఎత్తేస్తే ఐసు కట్టడానికి అక్కడేమీ మిగలదు. ఎత్తిన మంచుని పల్లం వైపు పోస్తే కరిగినా మళ్లీ బాట మీదికి రాదు. కప్పు గొట్టాన్ని గడ్డివైపు తిప్పితే సగం బెడద తీరుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! కాని దీనికి చలిలో గంటసేపు నడుం వంచాలి. ఆ గంట మనం మిగుల్చుకుంటే దాని ఖరీదు చెరువు కడుతుంది.

పోనీ చల్లేదైనా కొలిచి చల్లుతారా అంటే అదీ లేదు. 20 అడుగుల బాటకి ఒక పెద్ద కాఫీకప్పుడు సరిపోతుంది. జనం సంచి బోర్లిస్తారు. సున్నాకి 9 డిగ్రీలు దిగాక మామూలు ఉప్పు దాదాపు పనిచెయ్యదు. అప్పుడు ఇసక చల్లితే కనీసం కాలికి పట్టు దొరుకుతుంది. అయినా ఉప్పే చల్లుతారు. ఆ ఉప్పు పోస్టాయన కోసం కాదు సుమండీ, చల్లామన్న ధైర్యం కోసం. భయానికి కొలతలు తెలియవు. పైగా, రోడ్లమీద నగరంవారు లారీల కొద్దీ పోస్తుంటే నా గుప్పెడెంత, అని ఎవరికి వారే అనుకుంటారు. రాజుగారి కోనేట్లో పాలకి బదులు నీళ్లు పోసినవాళ్లూ ఇలాగే అనుకున్నారు.

ఇంత చెప్పాక పక్కింటావిడ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఎనభై దాటిన మనిషి, ఒంటరిది. పార ఎత్తలేదు. ఆవిడకి ఉప్పే చేతికర్ర. ఆవిడ దగ్గరికెళ్లి చెరువుల మీద ఉపన్యాసమిచ్చే హక్కు పార పట్టగలిగిన వాళ్లకెవరికీ లేదు, ముందు ఆవిడ వాకిలి ఎత్తిపోసి వస్తే తప్ప. ఇంటిముందు కాలిబాట మీది మంచు, ఆగిన 24 గంటల్లోగా తియ్యాలని నగరం చట్టం. తియ్యలేని వాళ్లది ఎవరు తియ్యాలో దానికి పట్టదు. మా అల్లుడు మాత్రం తన బాట అయ్యాక పార భుజాన వేసుకుని అటు వెళతాడు. ఆ రోజుల్లో ఆవిడ ఉప్పుడబ్బా మూత తియ్యదు.

ఎండ కాసి బాట పొడిగా ఉన్న రోజున, మిగిలిపోయిన ఉప్పురాళ్లని చీపురుతో ఊడ్చి డబ్బాకెత్తడం నా పని. మళ్లీ పనికొస్తాయి. మా బాట నించి రోడ్డు మీదికి దొర్లినవి కూడా ఎత్తాలా, లేక అవి నగరంవారి ఖాతాలో రాసెయ్యొచ్చా అన్నది మాత్రం మా ఇంట్లో ఇంకా తేలలేదు.