గుడ్లు మానిన కోడికి మన మీద హక్కు ఉందా?

సకల ప్రాణికోటికి ఆహారం సమకూర్చేవాడు అల్లాహ్. ఆయన తన కృపతో కొన్ని జీవాలను మనిషికి లోబరిచాడు. వాటి పాలు తాగడం, గుడ్లు తినడం, ధర్మబద్ధంగా జిబహ్ చేసి మాంసం భుజించడం మనకు హలాల్ చేశాడు. అయితే వాటి అసలు యజమాని ఆయనే. మన దగ్గర అవి కొంతకాలం ఉండే అమానతు మాత్రమే. అమానతు గురించి రేపు ప్రళయదినాన లెక్క చెప్పుకోవాలి. ఈ మాటను కాదనే విశ్వాసి ఎవరూ ఉండరు. కాని ఆ అమానతు ఒక ముసలి కోడి రూపంలో మన పెరట్లో కునుకుతూ కూర్చున్నప్పుడు మాత్రం చాలామంది ఈ మాట మరచిపోతారు.

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు వైపు ఒక పక్క వరి మళ్లు, మరో పక్క రొయ్యల గుంటలు, వాటిని దాటితే కోడూరు సముద్ర తీరం. అక్కడి పల్లెల్లో చాలా ఇళ్ల పెరళ్లలో నాటుకోళ్లు తిరుగుతుంటాయి. ఆ ప్రాంతానికి చెందిన ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని ఇలా అడిగాడు: “హజ్రత్, మా అమ్మీ ఒక పెట్టను ఏడేళ్లుగా పెంచుతోంది. అది గుడ్లు పెట్టడం మానేసి చాలా రోజులైంది. ఇప్పుడు జబ్బు చేసి మూలన పడింది. కోసేద్దామంటే అమ్మీ ఒప్పుకోదు. దాని పక్కనే కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటోంది. కోడి కోసం ఏడవడం ఈమాన్ బలహీనత కాదా?”

ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. పనికిరాని ప్రాణికి మన మీద హక్కు ఉందా? అది పోతే దుఃఖించడం తప్పా? ఒక్కొక్కటిగా చూద్దాం.

భూమిపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు అన్నీ మీలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది (అల్ అన్ఆమ్: 38). సముదాయం అన్నప్పుడు దానికి బాల్యం ఉంటుంది, సంతానం ఉంటుంది, వృద్ధాప్యమూ ఉంటుంది. పెట్ట అయిదారు నెలల వయసులో గుడ్లు మొదలుపెడుతుంది. రెండు మూడేళ్లు దాటాక గుడ్లు తగ్గిపోతాయి. అయినా దాని ఆయుష్షు అక్కడితో అయిపోదు. బాగా చూసుకుంటే అయిదు నుంచి ఎనిమిదేళ్ల వరకు, కొన్ని ఇంకా ఎక్కువ కాలం కూడా బతుకుతాయి. అంటే దాని జీవితంలో సగానికి పైగా మనకు లాభం లేని కాలమే కావచ్చు. ఆ సగం లెక్కలో మనం ఎలా ఉన్నామన్నదే పరీక్ష.

హిజ్రీ 660లో మరణించిన ప్రఖ్యాత ధర్మశాస్త్ర పండితులు ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) మనిషిపై జంతువులకు గల హక్కులను ఒక్కొక్కటిగా వివరించారు. వాటిలో మొదటి హక్కు పోషణ. జంతువు కదలలేని స్థితికి వచ్చినా, జబ్బుపడి ఎందుకూ ఉపయోగపడకపోయినా దాని మేత బాధ్యత యజమానిదేనని ఆయన స్పష్టం చేశారు. చూడండి, ఎనిమిది వందల ఏళ్ల నాడు ఆ పండితులు పోషణను లాభంతో ముడిపెట్టలేదు. ఒక అన్సారీ సహచరుని తోటలో ఒంటె దైవప్రవక్త (సఅసం)ను చూసి కన్నీరు కార్చింది. ఆయన దాన్ని నిమిరి ఊరడించి, యజమానిని పిలిపించి, దాన్ని ఆకలితో మాడుస్తూ అలసిపోయేలా పని చేయిస్తున్నందుకు అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించారు (అబూదావూద్). పని చేసే జంతువు ఆకలికే ఇంత విచారణ ఉంటే, మన కోసం ఏళ్ల తరబడి గుడ్లు పెట్టి అలసిపోయిన జీవం సంగతేమిటి?

ఇక జబ్బు సంగతి. పక్షులు తమ జబ్బును దాచిపెడతాయి. బలహీనంగా కనిపిస్తే వేటాడే జంతువుకు దొరికిపోతామన్నది వాటి స్వభావంలోనే ఉంది. మనకు తెలిసేసరికి తురాయి పాలిపోయి ఉంటుంది, ఈకలు ఉబ్బి ఉంటాయి, తోక వాలిపోయి ఉంటుంది. తోటి కోళ్లు దాన్ని పొడవడం మొదలుపెడతాయి. అప్పుడు చేయవలసింది పెద్ద కష్టం కాదు. దాన్ని విడిగా గంప కింద గడ్డి పరచి ఉంచాలి. తల వంచితే అందేలా నీళ్లు, మెత్తటి నూకల అన్నం పెట్టాలి. పశువుల డాక్టరుకు చూపించాలి. అల్లాహ్ మందు లేని ఏ రోగాన్నీ దించలేదని ప్రవక్త (సఅసం) ప్రబోధించారు (బుఖారీ).

విడిగా ఉంచడంలో మరో మేలు కూడా ఉంది. జబ్బుపడిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలవద్దని కూడా ఆయన ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). దీని విలువ 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా వాసులకు బాగా తెలిసివచ్చింది. పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చనిపోగా, నమూనాలను భోపాల్ ల్యాబుకు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టుపక్కల చికెన్ దుకాణాలు మూయించారు. అలాంటి సమయంలో ప్రేమ పేరుతో జబ్బు కోడిని దాచిపెట్టడం ఇరుగుపొరుగుకు హాని చేయడమే. కోళ్లు హఠాత్తుగా వరసగా చనిపోతుంటే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. వాళ్లు తీసుకుపోతామంటే గుండె రాయి చేసుకుని ఇవ్వాలి. అది కూడా సబ్ర్‌లో భాగమే.

మరి కోసేయవచ్చా? ప్రాణం ఉన్న స్థితిలో అల్లాహ్ పేరుతో జిబహ్ చేస్తే హలాలే. కఅబ్ బిన్ మాలిక్ (రజి) మేకలను కాసే దాసి, మందలో ఒకటి చావుబతుకుల్లో ఉండటం చూసి పదునైన రాయితో జిబహ్ చేసింది. దాన్ని తినడానికి ప్రవక్త (సఅసం) అనుమతించారు (బుఖారీ). అయితే జబ్బు మాంసం వల్ల మనిషికి హాని ఉంటుందంటే తినకూడదు. తినడానికి కాకుండా, కోలుకునే ఆశ లేని ప్రాణిని బాధ నుంచి తప్పించడానికి జిబహ్ చేయవచ్చా అన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. హనఫీ ఫిఖ్హ్‌లో దీనికి వెసులుబాటు ఉంది. కోసినా కత్తి పదును పెట్టాలి, ప్రాణిని హింసించకూడదు అన్నది ప్రవక్త ఆజ్ఞ (ముస్లిం). కనుక ఆ సోదరునికి మేము చెప్పిందేమిటంటే, కోయడం పాపం కాదు, కోయకపోవడం కూడా పాపం కాదు. మేత నీళ్లు మాన్పించి, ఎలాగూ చచ్చేదేగా అని మూలకు నెట్టేయడం మాత్రం పాపం. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసు మనందరికీ తెలిసినదే. కోడి అమ్మీది. కనుక నిర్ణయం కూడా ఆమెదే.

ఇప్పుడు కన్నీళ్ల ప్రశ్న. అనస్ (రజి)కు అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. అతను ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. అది చనిపోయింది. ప్రవక్త (సఅసం) వాళ్లింటికి వచ్చినప్పుడు పిల్లవాడి ముఖం వాడిపోయి ఉండటం గమనించి, కారణం తెలుసుకుని, అతన్ని పెద్దవాళ్లను పిలిచినట్టు పిలిచి ఆ పిట్ట గురించి ఆప్యాయంగా పలకరించారు. పిట్టే కదా అని కొట్టిపారేయలేదు. ఏడవడం తప్పని మందలించనూ లేదు. రాజ్య వ్యవహారాలు చూసే దైవప్రవక్త ఒక పిట్ట చావు గురించి పరామర్శించారు! ఇమామ్ ఇబ్నుల్ ఖాస్ (రహ్మలై) ఈ ఒక్క హదీసు నుంచే అరవై దాకా ధర్మ విషయాలను వెలికితీసి ఒక చిన్న గ్రంథమే రాశారు.

తమ కుమారుడు ఇబ్రాహీం (రజి) మరణించినప్పుడు ప్రవక్త (సఅసం) కళ్లు చెమర్చాయి. కంట నీరు, గుండెలో బాధ ఉన్నా నోట ప్రభువుకు నచ్చని మాట రాకూడదని ఆయన నేర్పారు. బిడ్డ చావు, కోడి చావు ఒకటి కావు. కాని కన్నీటికి హద్దు మాత్రం ఒక్కటే. కన్నీరు కారుణ్యం. విధివ్రాతను నిందించడం, గుండెలు బాదుకోవడం నిషిద్ధం.

ఇంకొక విషయం. ముందే గమనించి ఉంటే బతికేదేమో, ఆ రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి ఉంటే బాగుండేదేమో అని చాలామంది కుమిలిపోతుంటారు. ‘అలా చేసి ఉంటే’ అన్న మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని హదీసులో ఉంది (ముస్లిం). జబ్బును దాచుకోవడం పక్షి స్వభావమని పైన చెప్పుకున్నాం. మనకు తెలిసిన నాటి నుంచి చేసినదాని గురించే మనల్ని అడుగుతారు.

పిల్లలు మరో ప్రశ్న వేస్తారు: మన కోడి స్వర్గానికి పోతుందా? వాళ్లకు అబద్ధం చెప్పవద్దు, కసురుకోనూ వద్దు. జంతువులు, పక్షులు కూడా ప్రభువు సన్నిధిలో సమావేశపరచబడతాయని, కొమ్ముల్లేని మేకకు కొమ్ముల మేక నుంచి కూడా ఆనాడు న్యాయం జరుగుతుందని చెప్పండి. స్వర్గవాసులకు మనసు కోరినవన్నీ లభిస్తాయని చెప్పండి. ఆపై సంగతి అల్లాహ్‌కే తెలుసు. ఈ జవాబు పిల్లవాడికి చాలు.

చచ్చిన కోడిని కాలవలోనో, రొయ్యల గుంట గట్టునో పారేయకండి. అది తినడం ఎలాగూ హరామ్. లోతుగా గుంట తీసి పాతిపెట్టండి. సోదరుణ్ణి చంపిన ఆదం కుమారునికి శవాన్ని ఎలా కప్పిపెట్టాలో నేలను తవ్వి చూపడానికి అల్లాహ్ ఒక కాకిని పంపాడు (అల్ మాయిదా: 31). మట్టి ఇవ్వడం మనిషికి నేర్పినది ఒక పక్షి. ఆ పాఠాన్ని మరో పక్షి విషయంలో పాటించడానికి మనకు నామోషీ ఎందుకు?

ప్రాణమున్న ప్రతి జీవికి చేసిన మేలుకూ పుణ్యం ఉంది. నోరులేని జీవి మనకు కృతజ్ఞతలు చెప్పదు, నలుగురిలో మన పేరు పొగడదు. అందుకే దానికి చేసే సేవలో ప్రదర్శనాబుద్ధికి చోటు తక్కువ, చిత్తశుద్ధికి చోటు ఎక్కువ. మన ఇంట ముసలివైన జీవాల పట్ల కూడా మనల్ని కరుణ గలవారిగా చేయమని, అమానతు లెక్కను మనకు సులభం చేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.