నలభై దాటాక మరో బిడ్డ: తవక్కుల్ ఏది, తొందరపాటు ఏది?

సికింద్రాబాద్ లాలాగూడలో నివసించే దంపతులు ఇటీవల ఒక విషయమై మా సలహా కోరారు. ఆయన రైల్వే ఉద్యోగి, వయసు 47. ఆమెకు 41. ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. మధ్యలో రెండుసార్లు గర్భం నిలవలేదు. మరో బిడ్డ కావాలన్న కోరిక ఆమెలో ఇంకా చావలేదు. "కావాలనుకుంటే ఇక ఆలస్యం చేయకండి" అని డాక్టరమ్మ కూడా చెప్పిందట.

ఆయన లెక్క వేరు. "నేను రిటైరయ్యేనాటికి ఆ బిడ్డ ఆరో తరగతో ఏడో తరగతో చదువుతుంటాడు. ఈలోగా నాకేమైనా అయితే? తండ్రి లేకుండా పోతాడని తెలిసి తెలిసి ఒక ప్రాణాన్ని ఈ లోకంలోకి తీసుకురావడం అన్యాయం కాదా?" అన్నారు. ఆమె ఊరుకోలేదు. "ఉపాధినిచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు ఇన్ని లెక్కలెందుకండీ? ఇది విశ్వాసలోపం కాదా?" అని మా ముందే అడిగారు.

ఇద్దరివీ నిజాయితీ గల ప్రశ్నలే. అయితే రెండింటిలోనూ కొంత సవరణ అవసరమని మేము భావిస్తున్నాము.

ముందుగా ఆమె మాట. దారిద్ర్య భయంతో సంతానాన్ని చంపరాదని దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో గట్టిగా నిషేధించింది. కాని అది పుట్టిన పసికందులను పాతిపెట్టిన అజ్ఞానకాలపు దురాచారాన్ని గురించి. గర్భమే రాకుండా జాగ్రత్తపడటం వేరే విషయం. ఖుర్ఆన్ అవతరిస్తున్న కాలంలోనే సహాబాలు అజ్ల్ పాటించేవారని, తమను వారించలేదని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఉంది. ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ 'ఇహ్యా ఉలూముద్దీన్'లో దీనిని చర్చించి, భార్య ప్రాణానికి ముప్పు ఉన్నా, సంతానం పెరిగి ఇబ్బందులపాలవుతామన్న భయం ఉన్నా అది హరామ్ కాదన్నారు. కనుక నలభై ఏళ్ళ వయసులో "ఇక చాలు" అనుకునే దంపతులను ఈమాన్ తక్కువవారని నిందించే అధికారం ఎవరికీ లేదు.

ఇటువంటి సందర్భాల్లో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని చాలామంది గుర్తుచేస్తారు. అయితే దానిని సగమే చెబుతారు. మర్యమ్ సూరాను కాస్త నిదానంగా చదవండి. తన తదనంతరం బంధువులు ఏమి చేస్తారోనన్న చింత ఆయన ప్రార్థనలోనే ఉంది. ఆయన వారసుణ్ణి కోరుకున్నది ఆ చింతతోనే. శుభవార్త వచ్చినప్పుడు కూడా, తాను ముసలివాడిననీ, భార్య గొడ్రాలనీ, ఇదెలా సాధ్యమనీ అడిగారు. అలా అడగడం అవిశ్వాసంగా పరిగణించబడలేదు, దానికి సమాధానమే లభించింది. ఒక దైవప్రవక్తే తన వయసును గురించి అడిగినప్పుడు, లాలాగూడ గుమాస్తా అడగడం తప్పెలా అవుతుంది?

హజ్రత్ ఖదీజా (రజి)ను ఉదాహరణగా చెప్పేవారు కూడా ఉన్నారు. వివాహమప్పుడు ఆమె వయసు 40 అన్న ఉల్లేఖనమే ప్రసిద్ధం. కాని 28 అన్న ఉల్లేఖనం కూడా చరిత్ర గ్రంథాల్లో ఉంది. దానిని ఆధారం చేసుకొని ఈనాటి ఆడపిల్లల శరీరాలకు గడువులు పెట్టకపోతే మంచిది.

ఇక ఆయన ప్రశ్న. తండ్రి లేకుండా పెరగవలసి రావచ్చన్న కారణంతో ఒక బిడ్డ పుట్టుకే అన్యాయమైతే, మన ప్రియప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పుట్టుకను గురించి ఏమందాం? వారు పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ కన్నుమూశారు. ఆరేళ్ళకు తల్లి కూడా దూరమయ్యారు. అబ్దుల్లాహ్ ముసలివారు కారు, నిండు యౌవనంలో ఉన్నవారు. మృత్యువు వయసు చూసి రాదు. కాబట్టి అనాథ కావచ్చన్న భయం నలభై ఏడేళ్ళ తండ్రికే ప్రత్యేకం కాదు.

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) సంగతి ఇక్కడ గుర్తుకు వస్తోంది. అంతిమ హజ్ సందర్భంగా, అంటే క్రీ.శ. 632లో, ఆయన మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. వయసు నలభైకి అటూ ఇటూ. ఇక బతకననుకున్నారు. తనకు ఒక్క కూతురే వారసురాలు కనుక ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. దైవప్రవక్త (స) వద్దన్నారు. సగం? అదీ వద్దన్నారు. మూడో వంతు చాలు, అదే ఎక్కువన్నారు. వారసులను ఒకరి ముందు చేయి చాచే స్థితిలో వదిలిపోవడం కంటే కలిగినవారిగా వదిలిపోవడం మేలని బోధించారు. ఆ సఅద్ (రజి) ఆ తరువాత నలభై ఏళ్ళకు పైగా జీవించారు. ఒక్క కూతురే అనుకున్న ఆయనకు ఎందరో సంతానం కలిగారు. తన ఆయుష్షును గురించి ఆయన వేసుకున్న లెక్క తప్పింది. అయినా తన తదనంతరం కూతురి గతేమిటని ఆలోచించడం మాత్రం తప్పు కాలేదు. దైవప్రవక్త (స) ఆయన చేత ఇంకా ఎక్కువగా ఆలోచింపజేశారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. మనమెన్నాళ్ళు బతుకుతామన్నది మనం జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదు. మన తరువాత ఆ బిడ్డ ఎవరి చేతిలో ఉంటాడన్నది మాత్రం మనం జవాబు చెప్పవలసిన ప్రశ్న. బలహీనమైన సంతానాన్ని వెనుక వదిలిపోవలసి వస్తే ఎంత కలవరపడతామో తలచుకొని అల్లాహ్‌కు భయపడమని అన్నిసా సూరా 9వ ఆయత్ హెచ్చరిస్తోంది.

ఆయన 2004కు ముందే ఉద్యోగంలో చేరారు కాబట్టి పాత పింఛను ఉంది, భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. సంతోషమే. కాని మన దేశంలో అమలవుతున్న ముస్లిం చట్టం ప్రకారం తండ్రి తరువాత పసిబిడ్డ ఆస్తికి తల్లి దానంతటదే సంరక్షకురాలు కాదు. ఆమెకున్నది పెంపకపు హక్కు. తండ్రి వసీయత్ రాసి ఆమెనే నియమించవచ్చు. మనలో ఎంతమంది రాశారు? "వసీయత్ రాశారా?" అని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఇంకొకటి కూడా అడిగాము. తల్లిదండ్రులు లేని నాడు ఆ బిడ్డ భారం ఎవరిపై పడుతుంది? అక్కపైన! ఆ అమ్మాయిని అడిగారా? దంపతులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అడగలేదట. పదిహేడేళ్ళ పిల్ల తన పెళ్ళి, తన చదువు, తన సంసారంతోపాటు ఒక తమ్ముణ్ణో చెల్లినో పెంచవలసిన రోజు రావచ్చు. నిర్ణయం ఆమెది కాదు, నిజమే. అయినా ఆమెకు ఒక మాట చెప్పకుండా ఆమె భవిష్యత్తును ఖర్చుచేయడం న్యాయమని మాకు తోచలేదు.

బిడ్డకు పాలు మాన్పించే చిన్న విషయంలోనే దంపతుల పరస్పర అంగీకారం, సంప్రదింపు ఉండాలని అల్ బఖరా 233వ ఆయత్ చెబుతోంది. బిడ్డ మూలంగా తల్లికి హాని కలగరాదనీ అదే ఆయత్ చెబుతోంది. పాల విషయంలోనే ఇంత ఉంటే, కనడంలో ఎంత ఉండాలి! ఆ తొమ్మిది నెలలు మోసేది ఆమె శరీరం. నలభై దాటాక గర్భస్రావాలు దాదాపు మూడింట ఒక వంతు ఉంటాయి. బి.పి., షుగర్, ఆపరేషన్ అవసరం పెరుగుతాయి. ముప్పై ఏళ్ళ తల్లులకు సుమారు 900 కాన్పుల్లో ఒకరికి కనిపించే డౌన్ సిండ్రోమ్, నలభై ఏళ్ళ వయసులో సుమారు వందలో ఒకరికి కనిపిస్తుంది. తొంభై తొమ్మిది మందికి కనిపించదన్నదీ అంతే నిజం. రైల్వే ఆసుపత్రి వారి పేటలోనే ఉంది. ముందుగా ఆమె పరీక్షలు చేయించుకొని, ఆమె నోటితో ఆమె అవునో కాదో చెప్పాలి. "కొడుకు లేడు కదా" అని ప్రతి దావత్‌లో గుచ్చే ఖాలాలకు ఇందులో ఓటు లేదు.

ఎంతవరకు వెళ్ళవచ్చునన్నదీ తేల్చుకోవాలి. 2019 సెప్టెంబరులో గుంటూరులో, డెబ్బై దాటిన తూర్పు గోదావరి జిల్లా మహిళ ఒకరు ఐ.వి.ఎఫ్. ద్వారా కవల ఆడపిల్లలను కన్నారు. అండం దాతది. మరుసటి సంవత్సరమే ఆమె భర్త మరణించారు. తరువాత వచ్చిన 2021 నాటి చట్టం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్ళ పరిమితి పెట్టింది. ధర్మశాస్త్రపరంగా చూస్తే, 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ భార్యాభర్తల అండం, వీర్యం, ఆ భార్య గర్భమే అయితే అవసరాన్నిబట్టి అనుమతించింది. మూడో వ్యక్తి ప్రమేయాన్ని నిషేధించింది. నలభై దాటిన వారికి ఆసుపత్రుల్లో తరచూ దాత అండాన్నే సూచిస్తారు కాబట్టి ఈ హద్దును ముందే తెలుసుకోవాలి. ఆశ హద్దు మీరితే వ్యాపారులు కాచుకొని ఉంటారు. 2025 జూలైలో మన సికింద్రాబాద్‌లోనే ఒక కేంద్రంపై కేసు నమోదైంది. సరోగసీ బిడ్డ అని లక్షలు తీసుకొని అప్పగించిన శిశువు డి.ఎన్.ఎ. ఆ దంపతులతో కలవలేదు. పేదల నుండి కొన్న బిడ్డ అని పోలీసులు వెల్లడించారు. అక్కడ ఒక తల్లి ఒడి నింపబోయి మరో తల్లి ఒడి ఖాళీ చేశారు.

ఇవన్నీ అయ్యాక ఇస్తిఖారా. కల వస్తుందని ఎదురుచూడటం కాదు, ఆలోచించి, సంప్రదించి, ఆపై అల్లాహ్‌ను మేలు కోరడం. అష్షూరా సూరాలో ఆయన తానే చెప్పినట్లు కూతుళ్ళు, కొడుకులు, రెండూ, ఏదీ ఇవ్వకపోవడం కూడా ఆయన ఇష్టమే.

వారింకా ఏదీ నిర్ణయించుకోలేదు. గత జుమా తరువాత ఆయన ఫోన్ చేశారు. వసీయత్ రాయించడానికి వకీలును కలిశారట. అమ్మాయితో మాట్లాడారా అని అడిగాము. "పరీక్షలు అయిపోనివ్వండి, నేనే అడుగుతానంటోంది వాళ్ళమ్మ" అన్నారు.