జీతం కన్నా ముందు కాగితం చదువు

చిరంజీవి అమ్మలుకి,

జర్మనీలో ఉద్యోగం ఖాయమైందని తెలిసిన దగ్గర్నుంచి మనింట్లో అందరి నోటా ఒకటే లెక్క. ఏడాదికి ఇన్ని వేల యూరోలు, మన రూపాయల్లో ఎంత అని. సంతోషించాల్సిన సంగతే. రేవూ ఉక్కూ కలిసిన విశాఖలో పుట్టి, మెటలర్జీ చదివి, అలాగే రేవూ ఉక్కూ కలిసిన డూయిస్‌బుర్గ్‌కి ఇంజనీరుగా వెళ్తున్నావు. రైన్, రూర్ నదులు కలిసేచోట ఉన్న ఆ ఊరి రేవు ప్రపంచంలోని అతి పెద్ద నదీ రేవుల్లో ఒకటి. ఉక్కు ప్లాంటులో జీవితం గడిపిన ఈ పెదనాన్నకి అంతకన్నా కావలసిందేముంది తల్లీ?

అయితే నీ జీతమెంతో నేను అడగను. నువ్వు అక్కడ ఉండటానికీ పనిచేయటానికీ ఇచ్చే అనుమతి పత్రంలోని షరతులు చదివావా అని అడుగుతాను. జీతం గురించి చెప్పేవాళ్లు ఊరినిండా ఉంటారు. ఆ కాగితం గురించి నువ్వే తెలుసుకోవాలి.

మన ప్లాంటు గేట్ పాస్ నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఏ గేటు, ఏ డిపార్ట్‌మెంటు, ఏ తేదీ వరకు అన్నీ దాని మీదే ఉంటాయి. ఎంత పెద్ద ఇంజనీరైనా తేదీ దాటితే గేటు దగ్గర ఆగాల్సిందే. పరాయి దేశంలో రెసిడెన్స్ పర్మిట్టూ అంతే. నీ తెలివితేటల గురించి అదేమీ చెప్పదు. ఎక్కడ, ఏ పని, ఎన్నాళ్లు అన్నంతవరకే చెబుతుంది.

పైచదువులు చదివిన విదేశీయులు పనికోసం సముద్రం దాటి రావడం మన ఊరికి కొత్త కాదు. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక, మన స్టీల్ ప్లాంటు కట్టడానికి అక్కడి నిపుణులు వచ్చారు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ వెలిగేదాకా వాళ్లతో భుజం కలిపి పనిచేసిన తరం మాది. వాళ్ల వెనక రెండు ప్రభుత్వాలు ఉండేవి. ఎక్కడుండాలో, ఎన్నాళ్లుండాలో పైవాళ్లే మాట్లాడుకున్నారు. నువ్వు అలా వెళ్లడం లేదు. ఒక కంపెనీతో ఒంటరిగా ఒప్పందం చేసుకుని వెళ్తున్నావు. నీ తరఫున రూల్సు చదివే మనిషి అక్కడ నువ్వే.

నీకు వచ్చేది ఈయూ బ్లూ కార్డ్. పైచదువులు చదివిన విదేశీ ఉద్యోగుల కోసం యూరోపియన్ యూనియన్ 2009లో దీన్ని పెట్టింది, 2021లో నిబంధనలు మార్చి సడలించింది. డెన్మార్క్, ఐర్లాండ్ తప్ప మిగతా సభ్య దేశాలన్నింటిలోనూ ఉంది. జర్మనీలో కొత్త నిబంధనలు 2023 నవంబరు నుంచి నడుస్తున్నాయి. ముందు చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ వీసా ఇస్తుంది. అక్కడికి చేరాక ఆ ఊరి విదేశీయుల కార్యాలయం అసలు కార్డు ఇస్తుంది.

ఈ కార్డు మూడు కాళ్ల మీద నిలుస్తుంది. గుర్తింపు ఉన్న డిగ్రీ, ఆ డిగ్రీకి తగిన ఉద్యోగం, ప్రభుత్వం గీసిన గీతకు తగ్గని జీతం. మొదటిది తేలిగ్గా తీసుకోకు. మన యూనివర్సిటీని, డిగ్రీని జర్మనీ ఎలా లెక్కిస్తుందో అనాబిన్ అనే వాళ్ల సమాచార నిధిలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. యూనివర్సిటీ పేరు పక్కన గుర్తింపు ఉందని చెప్పే హెచ్ ప్లస్ ఉంటే చాలదు, నీ డిగ్రీ కూడా అందులో ఉండాలి. లేకపోతే అక్కడి విద్యార్హతల కేంద్రం నుంచి విడిగా ధ్రువీకరణ తెచ్చుకోవాలి. దానికి టైం పడుతుంది కాబట్టి టికెట్ కొనేముందే చూసుకో.

మూడోది జీతం గీత. 2026కి అది ఏడాదికి 50,700 యూరోలు. ఇంజనీర్ల వంటి కొరత ఉన్న వృత్తులకీ, డిగ్రీ అయి మూడేళ్లు దాటనివాళ్లకీ 45,934 యూరోలు దాటితే చాలు. కాకపోతే ఆ తక్కువ గీత మీద వెళ్లేవాళ్లకి అక్కడి ఉపాధి సంస్థ ఆమోదం కూడా కావాలి. నీ కాంట్రాక్టులో ఉన్న అంకె ఈ గీతకి ఎంత పైన ఉందో చూడు. అంచు మీద ఉంటే, ఆ అంకెలో బోనసు లాంటివి కలిపి చూపించారా, ఖాయంగా వచ్చే జీతమెంత అని కంపెనీని రాతపూర్వకంగా అడుగు. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. అక్కడివాళ్లు అడిగినవాళ్లనే గౌరవిస్తారు.

ఇంట్లోవాళ్లు వేసే రూపాయల లెక్కకి ఒక సవరణ చెప్పు. అది పన్నులు కోయకముందు జీతం. ఒంటరిగా ఉన్నవాళ్లకి పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్, నిరుద్యోగ బీమా పోగా చేతికొచ్చేది ఇంచుమించు మూడింట రెండొంతులు. అదంతా పోయినట్టు కాదు. 2017 మే నుంచి భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రత ఒప్పందం పూర్తిగా అమల్లో ఉంది, పెన్షన్ హక్కు లెక్కలో ఉంటుంది. కాకపోతే ఆ డబ్బుని చూపించి ఇక్కడ ఎవరూ అప్పు చేయకూడదు.

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి. ఏ పర్మిట్ చూసినా నువ్వు మొదట అడగాల్సిన ప్రశ్న, “ఈ కాగితం ఎవరి చేతిలో ఉంది?” అని. ఉద్యోగం పోతే నాకు ఎన్ని రోజులు? యజమాని మారాలంటే ఎవరినడగాలి? ఎన్నాళ్లకి ఎవరినీ అడగక్కర్లేని రోజు వస్తుంది? ఈ మూడిటికీ జవాబు తెలిస్తే నువ్వు ధైర్యంగా పనిచేస్తావు. తెలియకపోతే మేనేజరు గొంతు పెంచినప్పుడల్లా వణుకుతూ పనిచేస్తావు.

బ్లూ కార్డ్‌లో జవాబులు ఇవి. మొదటి పన్నెండు నెలల్లో ఉద్యోగం మారితే విదేశీయుల కార్యాలయానికి చెప్పాలి. కొత్త ఉద్యోగం షరతులకి తగ్గట్టు లేకపోతే వాళ్లు కాదనొచ్చు. ఆ ఏడాది దాటాక ఆ కట్టు లేదు. ఉద్యోగం గడువుకు ముందే పోతే రెండు వారాల్లోగా నువ్వే తెలియజేయాలి. భయపడి దాచావంటే తప్పు నీదవుతుంది. యూరోపియన్ నిబంధన ప్రకారం కార్డు రెండేళ్లలోపుదైతే మూడు నెలలు, రెండేళ్లు దాటితే ఆరు నెలలు నిరుద్యోగానికి వెసులుబాటు ఉంది. అందుకే చెబుతున్నా, వెళ్లిన మొదటి ఏడాదే మూడు నెలల ఖర్చు పక్కన పెట్టు. ఇక్కడికి పంపడం తర్వాత. ఆ డబ్బు నీ చేతిలో ఉంటే ఆ మూడు నెలలూ నిజంగా నీవే.

మనవాళ్లలో ఎక్కువమంది వెళ్లింది అమెరికాకే కాబట్టి ఆ కాగితంతో కూడా పోల్చి చూడు. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బీ వీసాకి దరఖాస్తు చేసేది ఉద్యోగి కాదు, కంపెనీ. మామూలు కంపెనీల కోటా ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి మరో 20,000. ఉద్యోగం పోతే 60 రోజులు. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటకూడదన్న లెక్క వల్ల మన పిల్లలు ఏళ్లకేళ్లు వరసలోనే ఉండిపోయారు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వేస్తూ ప్రకటన వచ్చింది. ఒక్క రాత్రిలో ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో చూశాం. అమెరికా మంచిదనో చెడ్డదనో చెప్పడానికి ఇదంతా రాయలేదు. రూల్సు ఇచ్చినవాళ్లే రూల్సు మార్చగలరు. జర్మనీ కూడా అంతే, ఈ జీతం గీతను ఏటా మారుస్తుంది. అధికారిక వెబ్‌సైటు చూసే అలవాటు మానొద్దు. స్నేహితుల వాట్సాప్ మాటల మీద నిర్ణయాలు తీసుకోవద్దు.

కాగితం అసలుదో కాదో చూసుకోని చోట ఎంత నష్టం జరిగిందో తెలుగువాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. మిచిగాన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే నకిలీ సంస్థ నడిపి 2019లో అరెస్టులు చేశారు. అరెస్టయిన 129 మంది భారతీయుల్లో ఎక్కువమంది మన పిల్లలే. మోసపోయినవాళ్లు, తెలిసి దిగినవాళ్లు అందరూ ఒకే గాటన పడ్డారు.

అంత దూరం ఎందుకు, మన విశాఖ సంగతే చూడు. 2024 మేలో కంబోడియా ఉదంతం బయటపడింది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి, మన కుర్రాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చి, అక్కడ సైబర్ మోసాలు చేయించారు. విశాఖ పోలీసులు కేసు పెట్టారు, కొందరు విమానాల్లో తిరిగొచ్చారు. వాళ్లు చదువురాని వాళ్లు కారమ్మా. ఇంట్లో అవసరాలున్నవాళ్లు. వాళ్లని వేలెత్తి చూపడం తేలిక, వాళ్ల నుంచి నేర్చుకోవడం అవసరం.

నీకూ నీ స్నేహితులకీ ఇవి గట్టిగా చెబుతున్నా. బ్లూ కార్డ్ ఎవరూ అమ్మరు, ముందు ఉద్యోగం, తర్వాతే కార్డు. జర్మన్ వీసాకి ప్రభుత్వం తీసుకునేది 75 యూరోలు. లక్షలు అడిగేవాడు ప్రభుత్వానికి కట్టడానికి అడగడం లేదు. ముందు టూరిస్టు వీసాతో వెళ్లు, అక్కడ మార్పిస్తాం అన్నవాడి గుమ్మం మళ్లీ తొక్కకు. ఏజెంటు ద్వారా వెళ్లేవాళ్లు అతను విదేశాంగ శాఖ దగ్గర నమోదయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవాలి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరా దాచుకోమని ఇవ్వొద్దు. అనుభవ పత్రంలో ఒక్క నెల కూడా కల్పించి రాయించొద్దు. ఆ అబద్ధం పదేళ్ల తర్వాతైనా పర్మనెంట్ రెసిడెన్స్ దరఖాస్తు బల్ల మీద నిన్ను పలకరిస్తుంది.

సర్టిఫికెట్ల సంగతి. మన ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్లో ముందు, డిగ్రీలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంకోచోట. తెలుగువాళ్ల ఈ చిక్కు పరాయి గుమాస్తాకి అర్థం కాదు, ఇద్దరు మనుషులనుకుంటాడు. ఇప్పుడే అన్నీ పక్కపక్కన పెట్టి చూడు. తేడా ఉంటే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులోనో, యూనివర్సిటీలోనో ఇక్కడుండగానే సరిచేయించుకో. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకోకుండా అసలు డిగ్రీ పట్టా (ఓడీ) తీసుకో, మార్కుల మెమోలు అన్నీ తీసుకో.

జర్మన్ భాష ఈ నెలలోనే మొదలుపెట్టు. ఆఫీసులో ఇంగ్లీషు నడుస్తుంది సరే. ఫర్నేస్ దగ్గర నిలబడ్డ కార్మికుడు, ఇంటి ఓనరు, కార్డు ఇచ్చే గుమాస్తా జర్మన్‌లోనే మాట్లాడతారు. చట్టంలో కూడా దానికి ఫలితం ఉంది. పెన్షన్ చందా కడుతూ, ఏ1 స్థాయి భాషతో 27 నెలలకి శాశ్వత నివాసం అడగొచ్చు, బీ1 వస్తే 21 నెలలకే. ఆరు నెలల ముందే స్వతంత్రం రావాలంటే అంతకన్నా మంచి దారి లేదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఓనరు సంతకం చేసిన పత్రం కావాలి. అది ఇవ్వనన్నవాడి ఇల్లు అద్దె తక్కువైనా వద్దు.

రేపు పెళ్లయితే నీ భర్తకి అక్కడ పనిచేసే హక్కు ఉంటుంది, ఆ మాట సంబంధాలు చూసే పెద్దలకి ముందే చెబుదాం. అమ్మానాన్నలను పిలిపించుకునే వీలు కూడా 2024 మార్చి నుంచి కార్డు పొందినవాళ్లకి చట్టంలో ఉంది. అయితే వాళ్ల ఆరోగ్య బీమాతో సహా పోషణ భారమంతా నీదని చూపించాలి, ఆ బీమా దొరకడం తేలిక కాదు. వాళ్లకి మాట ఇచ్చేముందు ఖర్చు కనుక్కో. పౌరసత్వం గురించి ఎవరైనా తొందరపెడితే ఒక్కటి గుర్తుంచుకో. జర్మనీ రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. ఆ నిర్ణయానికి చాలా టైం ఉంది, అది తీరిగ్గా, అందరితో మాట్లాడి తీసుకోవాల్సింది.

నువ్వు వెళ్లాలి తల్లీ. నేర్చుకో, సంపాదించు, నచ్చితే అక్కడే ఉండు, లేదంటే తిరిగిరా. ఏదైనా నీ ఇష్టంతో జరగాలి. కాగితం గడువు ముగిసి తరిమేస్తే రావడం, కాగితం పోతుందని భయపడి నచ్చని చోట ఉండిపోవడం, ఈ రెండూ నీకు జరగకూడదు.

ఈ ఆదివారం ఆ కాంట్రాక్టూ సర్టిఫికెట్లూ పట్టుకుని ఉక్కునగరంలో మా ఇంటికి రా. పక్కన కూర్చుంటాను, ప్రతి పేజీ నువ్వే పైకి చదువు. అర్థం కాని ప్రతి వాక్యానికీ కంపెనీ నుంచి రాతలో జవాబు వచ్చాకే సంతకం పెట్టు. నీతోపాటు బయల్దేరే పిల్లలందరికీ కూడా ఇదే చెప్పు.

దీర్ఘాయుష్మతీ భవ.

మీ పెదనాన్న