నా బంపరు, ఆమె చెయ్యి

రెండేళ్ల కిందటి మే నెల. భద్రాచలంలో ఒక సభకని ఖమ్మం నుంచి కారు నడుపుకుంటూ బయల్దేరాను. పాల్వంచ దాటాక అడవి దారిలో ముందున్న ఆటో ఆగింది. నేను బ్రేకు వేసేసరికి ఆలస్యమైంది. ఆటో దిగుతున్న ఒక కోయ స్త్రీ చేతిమీద పడింది. నా బంపరు పగిలింది. "చిన్నదేలెండి మేడం" అన్నారు చుట్టూ చేరినవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆస్పత్రిలో ఎలా పడిందని అడిగారు. "ఆటో దిగుతూ పడింది" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. మణికట్టు ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు. ఆమె చేతిలో అయిదు వేలు పెట్టి, ఊళ్లో దింపి, మంచిపని చేశానన్న తృప్తితో ఇల్లు చేరాను.

మర్నాడు షెడ్డులో మెకానిక్ సలహా చెప్పాడు. "గేదె అడ్డొచ్చిందని రాయండి. పోలీసు కాయితం అక్కర్లేదు, క్లెయిము తొందరగా అయిపోద్ది." సర్వేయరు వచ్చి బంపరును నాలుగు వైపులా ఫోటో తీశాడు. ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగుదల అన్నాడు. పగిలిన ప్లాస్టిక్‌కి ఇంత లెక్క ఉంది. ఫారంలో 'ప్రమాదం ఎలా జరిగింది' అన్న చోట నా పెన్ను ఆగిపోయింది. గేదె అని రాస్తే ఆ రోడ్డుమీద ఆ మనిషి లేనట్టే కదా!

అది తునికాకు కాలం. తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో పోయాలి. వేసవిలో కొద్ది వారాలే ఉండే పని. ఒంటి చేత్తో కట్ట కట్టలేరు. ఆ పైన నీళ్లూ, వంటా. దేశంలో స్త్రీలు ఇంటిపనికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని 2019 ప్రభుత్వ సర్వే తేల్చింది. ప్రమాదంలో చనిపోయిన గృహిణి పనికి విలువ కట్టాల్సిందేనంటూ 2021లో సుప్రీంకోర్టు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ ఆ అంకెలనే ప్రస్తావించారు. ఆ తీర్పును నేను క్లాసులో ఉత్సాహంగా చెప్పినదాన్ని. నా కారు తగిలిన మనిషి దగ్గరికొచ్చేసరికి అయిదు వేలతో లెక్క ముగించాను.

లాయరు స్నేహితురాలిని అడిగాను. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 164వ సెక్షను కింద, తప్పెవరిదో రుజువు చేయకుండానే తీవ్రగాయానికి 2,50,000 రూపాయలు ఇవ్వాలట. ఎముక చిట్లినా తీవ్రగాయమేనట. అయితే ఎఫ్‌ఐఆర్ కావాలి. అంటే కేసు నామీదే.

నిజం రాసేసి తేలికపడదామనుకున్నాను. కానీ నా నిజాయితీ ఆమె గుమ్మంలోకి పోలీసుల్ని తెస్తే? అడగడానికి వెళ్లాను. "ఠాణాకు నేను రాను బిడ్డా" అంది మొదట. డబ్బు సంగతి చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "నువ్వు కూడా వస్తవా?" అంది.

వెళ్లాం. ఇద్దరం వేర్వేరు కాయితాలమీద, తను వేలిముద్ర, నేను సంతకం. కేసు ఇంకా నడుస్తోంది. ఆటో దిగుతూ పడిందని ఆస్పత్రి చీటీలో ఉందిగా, కారు ఎక్కడిదని కంపెనీ వకీలు అడుగుతున్నాడు. నేను తేలిగ్గా అనేసిన ఆ సగం మాటకు ఇప్పుడు ఆమె జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

మొన్న వాయిదాకి వచ్చినప్పుడు అడిగింది: "నీ బండికి ఎప్పుడిచ్చిండ్రు బిడ్డా?"

మూడు వారాల్లో, అని చెప్పాను.